మూడో రాజుగారి మరణానికి మండలి ఆమోదం

పద్యనాటకాల్లో రాజు వేషాలు వేసేవాళ్ళకు నిజంగా రాజ్యాలు లేవన్న సంగతి మన ప్రభుత్వం వారి దృష్టికి ఈమధ్యనే వచ్చింది. వచ్చిన వెంటనే వారు చర్య తీసుకున్నారు. ఆ చర్య మా సమాజం మీద పడింది.

నేను హార్మోనిస్టుని. ముప్ఫయ్యేళ్ళుగా స్టేజీకి ఒక పక్కన కూర్చుని రాజుల్ని చూస్తున్నాను. పక్కనుంచి చూసేవాడికి ఎంతటి మహారాజు కిరీటానికైనా వెనక కట్టిన పురికొస కనబడుతుంది. అందుకని నా మాటల్లో భక్తి కాస్త తక్కువైతే పెద్దమనసుతో సర్దుకోవాలి.

మాది పొన్నూరు దగ్గర చిన్న టౌను. మా సమాజం ఆడే నాటకం ఒక్కటే, ధీరసేన మహారాజు కథ. ఇచ్చిన మాట కోసం రాజ్యం వదులుకుని, అడవుల పాలై, చివరికి బాణం దెబ్బ తిని రాణి ఒళ్ళో ప్రాణం విడుస్తాడు. పద్యనాటకాల సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. మా దగ్గర ఒక పాత్రని ఒక్కడే మొదట్నుంచి చివరిదాకా వెయ్యడు. పద్యం తర్వాత పద్యం ఐదు శ్రుతిలో, అంత ఎత్తున పాడితే ఏ గొంతూ తెల్లారేదాకా నిలవదు. అందుకని దర్బారులో ఒకటో రాజు, అడవిలో రెండో రాజు, చావుకి మూడో రాజు. జనం కూడా అట్లాగే చెప్పుకుంటారు. "మూడో రాజు ఎవరంట?" అని కనుక్కుని మరీ బయల్దేరతారు.

మా ఒకటో రాజు బసవపున్నయ్య, రేషన్ డీలరు. రెండో రాజు లాజరు, బ్యాంకులో అటెండరు. మూడో రాజు పానకాలు, బస్టాండు ఎదురుగా టైలరు. రాణి మాత్రం మూడు అంకాలకీ ఒక్కతే, తెనాలి నుంచి వచ్చే మంగతాయారు. ముగ్గురు మొగుళ్ళ తోటి ఒకే సంసారం చేస్తున్నానని ఆవిడే నవ్వుతూ ఉంటుంది.

మా మీదికి తుపాను తెచ్చినవారు ఆచార్య పరాంకుశం గారు. కళల మీద పెద్ద పెద్ద పుస్తకాలు రాసిన మనిషి. మా ఊళ్ళో గ్రంథాలయం ప్రారంభించడానికి వచ్చి, కారు చెడిపోయి, ఆ పూట మా నాటకానికి ముందు వరసలో కూర్చున్నారు. మూడో అంకంలో పానకాలు చావు పద్యం ఎత్తుకున్నాడు. గొంతెండిపోతున్న రాజు, "నాకు దాహమైన సంగతి నా ప్రజలకు చెప్పకు, వాళ్ళు బాధపడతారు" అని రాణితో అనే పద్యం అది. సింధుభైరవిలో పాడి తల వాల్చేశాడు. వెంటనే జనం "వన్స్‌మోర్!" అన్నారు. పానకాలు లేచి, బాణం సరిచేసుకుని, మళ్ళీ పాడి మళ్ళీ పోయాడు. మా దగ్గర ఇది తాతల నాటి ఆచారం.

పరాంకుశం గారు నోరెళ్ళబెట్టి పక్కనున్న సర్పంచిని అడిగారు.

"ఇప్పుడు లేచినదెవరు?"

"రాజుగారేనండి."

"ఆయన మరణించారు కదా?"

"మరణించారండి. బాగా పోయాడని మళ్ళీ పొమ్మంటన్నారు."

ఆచార్యులవారు ఆ మాటకి నిర్ఘాంతపోయారు. నటుడికి తన పాత్ర చచ్చిందో బతికిందో కూడా తెలియని దుస్థితిలో తెలుగు రంగస్థలం ఉందని పత్రికలో రాశారు. ఆ వ్యాసం ఎవరి బల్ల మీద పడిందో గాని, కొద్ది నెలల్లో 'రాష్ట్ర పాత్రావగాహన మండలి' ఏర్పడింది. దానికి పరాంకుశం గారే ఛైర్మన్. మండలి ధ్రువపత్రం లేనివాడు ఏ పాత్రా వెయ్యడానికి వీల్లేదు, వేయించిన సమాజానికి రాష్ట్రంలో ఏ వేదికా దొరకదు అని ఉత్తర్వు వచ్చింది.

ఆ ఉత్తర్వుని పానకాలు కొట్లో కూర్చుని లాజరు పైకి చదివాడు. "నటీనటులలో పాత్రావగాహనా రాహిత్యం తీవ్రస్థాయిలో నెలకొని ఉన్నందున, పాత్ర పొందు అనుభవమును నటుడు ముందుగా పొంది, పొందినట్లు నిరూపించుకొనవలెను..."

"అంటే ఏందిరా?" అన్నాడు బసవపున్నయ్య.

"రాజు వేషం ఎయ్యాలంటే ముందు రాజుగా ఉండి చూపించాలంట బాబాయ్."

"ఉంటానికేముంది. రాజ్యం వాళ్ళిస్తారా, మనమే తెచ్చుకోవాలా?"

అందరూ నవ్వారు. పానకాలు నవ్వలేదు. మిషను ఆపి నా వైపు చూశాడు. ఆ చూపు ఎందుకో నాకూ మంగతాయారుకీ తప్ప ఎవరికీ తెలియదు. అంతకు వారం ముందే నేను అతన్ని గుంటూరు తీసుకెళ్ళాను. గొంతులో కాయ లేచిందనీ, వెంటనే కోసి తీసెయ్యాలనీ డాక్టరు చెప్పాడు. తీశాక ప్రాణానికి భయం లేదు గాని మాట ఉండదన్నాడు. పానకాలు ఆయన కాళ్ళా వేళ్ళా పడి నెలాఖరుదాకా గడువు తెచ్చుకున్నాడు.

"ఒక్క ఆట మాస్టారూ," అన్నాడు బస్సులో. "మనూళ్ళో. ఆ పద్యం ఒక్కసారి పాడి, మనోళ్ళు వన్స్‌మోర్ అంటే ఇంకోసారి పాడి, అప్పుడు కోయించుకుంటా. కోసినాక వాడు దాన్ని కుక్కలకేసినా నాకు బాధ లేదు."

అందుకని మేము మండలికి ఎదురు తిరగలేదు. మంగళవారం నుంచి శిబిరానికి రమ్మంటే సోమవారమే వెళ్ళి కూర్చున్నాం.

శిబిరం మార్కెట్ యార్డు గోడౌన్లో పెట్టారు. మా అవగాహనాధికారి లోకనాథం గారు. నెమ్మదైన మనిషి, చేతిలో ఎప్పుడూ చిన్న తువ్వాలు. ఈ ఉద్యోగానికి ముందు ఆయన మిర్చి యార్డులో బస్తాల్లో తేమ శాతం కొలిచేవారట. తేమ కొలవడంలో అనుభవం ఉన్నవారైతే శోకరసానికి పనికొస్తారని మండలి ఆయన్ని డెప్యుటేషన్ మీద తీసుకుంది. నాటకమంటే ఇష్టమా అని అడిగితే, "చిన్నప్పుడు చూసేవాణ్ణండీ. ఇప్పుడు డ్యూటీ కదా, ఇష్టం గురించి ఆలోచించలేదు" అన్నారు.

మొదటి వంతు బసవపున్నయ్యది. అతనికి వారం రోజులపాటు ఆ గోడౌన్ని రాజ్యంగా ఇచ్చారు. కల్యాణమంటపం నుంచి పెళ్ళికొడుకు కుర్చీ తెచ్చి సింహాసనం చేశారు. రేషన్ బియ్యం కోసం అతన్ని వెతుక్కుంటూ వచ్చిన కార్డుదారుల్ని వరసగా నిలబెట్టి, "ప్రజలారా!" అన్నాడు బసవపున్నయ్య.

"ప్రజలారా సరేనయ్యా, పంచదారేదీ?" అంది ముందున్న ముసలావిడ.

దర్బారంటే ఏమిటో తనకి అప్పుడే అర్థమైందని బసవపున్నయ్య మండలికి నివేదించుకున్నాడు. అర్థమవడం కాస్త ఎక్కువే అయింది. వారం తిరిగాక కుర్చీ దిగమంటే దిగలేదు. రాజు తనంతట తాను త్యాగం చెయ్యాలి గాని పక్కవాడు దింపకూడదని కథలోనే ఉందన్నాడు. చివరికి కల్యాణమంటపం వాళ్ళు ముహూర్తం ఉందని వచ్చి కుర్చీ ఎత్తుకుపోతే రాజ్యం దానంతటదే పోయింది. మండలి దీన్ని 'సహజ పరిణామం'గా గుర్తించి మంచి మార్కులు వేసింది.

లాజరుకి అడవి కావాలి. మా చుట్టుపక్కల చెరువులున్నాయి, వరి పొలాలున్నాయి గాని అడవి లేదు. మండలి ఒక జామాయిల్ తోటని 'అరణ్యతుల్యం'గా ప్రకటించి అతన్ని అక్కడ దింపి వచ్చింది. రెండో రోజు తోట కాపలావాళ్ళు కర్రదొంగ అనుకుని పట్టుకున్నారు. ఎవరురా నువ్వంటే, "రాజ్యం పోగొట్టుకున్న రాజునయ్యా" అన్నాడు లాజరు. వాళ్ళు భయపడి అతన్ని మోటారు షెడ్డులో పెట్టి తలుపేశారు. నేనూ పానకాలూ వెళ్ళి బతిమాలి విడిపించుకొచ్చాం. నాటకంలో లేని చెరని కూడా అనుభవించినందుకు లాజరుకి అదనపు మార్కులు పడ్డాయి. దోమకాట్లు మాత్రం లెక్కలోకి రావన్నారు, కథలో దోమల ప్రసక్తి లేదు గనక.

మంగతాయారు దగ్గర మండలికి ధర్మసంకటం వచ్చింది. రాణి భర్తని పోగొట్టుకోవాలి. మంగతాయారు భర్త ఇంట్లో పేపరు చదువుకుంటూ క్షేమంగా ఉన్నాడు. లోకనాథం గారు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఆ సంగతి కదిపారు.

"అమ్మా, వైధవ్యం విషయంలో మీకు అనుభవం..."

"ఇప్పటిదాకా లేదండీ."

"మండలి పక్షాన మీ వారిని కొన్నాళ్ళు దూరంగా ఉంచే ఏర్పాటు..."

"తీసకపోండి. మీ గెస్ట్‌హౌసులోనే పెట్టుకోండి. పొద్దున్నే రెండుసార్లు కాఫీ అడుగుతాడు ఆ మానవుడు, ఇచ్చుకోండి. మళ్ళీ ఎప్పుడు తెచ్చిస్తారని మాత్రం నేనడగను."

ఆయన్ని తీసుకెళ్ళి మూడో రోజుకే తిరిగి దింపిపోయారు. ఆయన ఇంటి గుమ్మం ఎక్కుతుంటే మంగతాయారు కళ్ళు చెమ్మగిల్లాయని లోకనాథం గారు స్వయంగా చూసి, తేమ తృప్తికరంగా ఉందని రాసుకున్నారు.

ఇక మిగిలింది పానకాలు. అతని పాత్ర చావాలి. చావుని ఎట్లా అవగాహన చేయించాలన్నది తేల్చడానికి పరాంకుశం గారే బయల్దేరి వచ్చారు. గోడౌన్లో కుర్చీ వేయించుకుని పానకాలుని ఎదురుగా నిలబెట్టారు.

"ఇన్నేళ్ళుగా మరణిస్తున్నారు. ఆ క్షణంలో మీ అంతరంగంలో జరిగే ప్రక్రియ ఏమిటి?"

"ప్రక్రియ అంటే తెలవదండీ. శ్రుతి వినపడద్ది. పద్యం ఎత్తుకుంటా. ఎత్తుకుంటే ఆయన వస్తాడు."

"ఎవరు?"

"ధీరసేన మహారాజండీ. పద్యం అయ్యిందాకా ఉంటాడు. అయినాక ఎళ్ళిపోతాడు. మళ్ళీ పిలిస్తే మళ్ళీ వస్తాడు."

పరాంకుశం గారు లోకనాథం గారి వైపు తిరిగి, "రాసుకోండి. అనుమతి లేని బయటి వ్యక్తి రంగస్థలం మీదికి వచ్చిపోతున్నట్లు నటుడు అంగీకరించాడు" అన్నారు.

లోకనాథం గారు రాసుకున్నారు. నాకు ఒళ్ళు మండింది గాని పానకాలు కళ్ళతోనే వద్దన్నాడు. ధ్రువపత్రం లేకపోతే ఆట లేదు. ఆట లేకపోతే ఇక ఏమీ లేదు.

మండలి చర్చించి చర్చించి అతనికి రోజూ పొద్దున పాడె మీద పడుకునే శిక్షణ ఖరారు చేసింది. వెదురు పాడె తెచ్చారు. తెల్లగుడ్డ పానకాలే కుట్టుకున్నాడు, టైలరు గనక. నలుగురు హమాలీలు యార్డు చుట్టూ మోసుకు తిరిగేవారు. మిర్చి బస్తాలకన్నా తేలికే అని వాళ్ళకి ఇబ్బంది లేకపోయింది. ఆఖరి రోజు అతనికి సంతాపసభ జరిపారు. పానకాలు పాడె మీద, మేమంతా బల్లల మీద. పరాంకుశం గారు లేచి, "కీర్తిశేషులు పానకాలు గారి అకాల మరణం రంగస్థలానికి తీరని లోటు. ఆ గళం మూగబోయింది. అటువంటి గళం ఇక మనం వినలేం" అన్నారు.

మంగతాయారు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయింది. ఆచార్యులవారికేం తెలుసు పాపం, శిక్షణ ఇస్తున్నాననే అనుకుంటున్నారు. పానకాలు మాత్రం కదల్లేదు. అయ్యాక లోకనాథం గారు వంగి, "ఎలా అనిపించిందండీ?" అని అడిగారు. పానకాలు జవాబు చెప్పలేదు. మళ్ళీ అడిగారు. చెప్పలేదు.

"అద్భుతం!" అన్నారు పరాంకుశం గారు. "జవాబిచ్చి ఉంటే ఫెయిలయ్యేవాడు."

అట్లా నలుగురికీ ధ్రువపత్రాలొచ్చాయి. వాటితోపాటు ఒక షరతు కూడా వచ్చింది. మరణమనేది ఒక్కసారి పూర్తి అయ్యే ప్రక్రియ గనక ప్రేక్షకుల కోరికపై దాన్ని పునరావృతం చేయడం నిషిద్ధం. మరణించిన నటుడు తెర పడి, అధికారి అనుమతించేదాకా మరణించే ఉండాలి. లేచాడా, సమాజం మొత్తానికి అనుమతి రద్దు.

ఆ షరతు పానకాలుకి చెప్పింది నేనే. చాలాసేపు సూదిలోకి దారం ఎక్కిస్తూ కూర్చున్నాడు.

"మొదటిసారి పాడేది కతకి మాస్టారూ," అన్నాడు చివరికి. "అప్పుడు నా ద్యాసంతా బాణం మీద, రాణి మీద, లైటు మీద ఉంటది. రెండోసారి పాడేదే పాట. జనం అడిగినాక పాడేది. అది లేకపోతే నేను పాడినట్టే కాదు."

"మరి?"

"మరేం లేదు. నా ఒక్కడి కోసం మీ అందరి ఆటా పోగొడతానా? ఒక్కసారే చస్తాలే."

ప్రదర్శన నెలాఖరుకి రెండు రోజుల ముందు, మార్కెట్ యార్డులోనే. అధికారుల పనివేళలు సాయంత్రం ఐదింటితో ముగుస్తాయి గనక మండలి నాటకాన్ని పట్టపగలు పెట్టింది. ఉదయం పదకొండింటికి తెర లేవాలి, మధ్యాహ్నం భోజన విరామం, ఐదు లోపల రాజు పోవాలి. మా జనం ఎండకి జడిసేవాళ్ళు కాదు. గొడుగులూ తువ్వాళ్ళూ వేసుకుని చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చారు. వీడియో తీసేవాణ్ణి కూడా మండలే పెట్టింది, అవగాహన రికార్డు కావాలి గనక. పానకాలు పాట వీడియోలో పడటం అదే మొదటిసారి. ఆ ఒక్క విషయంలో నేను మండలికి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

మొదటి అంకం బాగానే గడిచింది. చిక్కంతా తెర పడ్డాక వచ్చింది. ఒకటో రాజు దిగి రెండో రాజు ఎక్కే ముందు పాత్రని అధికారికంగా ఛార్జి అప్పగించాలట. ఒక ఉద్యోగి బదిలీ అయితే బీరువా తాళాలు కూడా అప్పగిస్తాడు కదా, ఒక రాజు తన సుఖదుఃఖాల్ని అప్పగించకుండా ఎట్లా పోతాడన్నది మండలి వాదం. తెర వెనక బల్ల వేశారు. బసవపున్నయ్య ఒకవైపు, లాజరు ఒకవైపు, మధ్యలో లోకనాథం గారు.

"కిరీటం ఒకటి, కత్తి ఒకటి. ముట్టినాయా?"

"ముట్టినాయండి."

"రాణీగారి మీద ప్రేమ?"

"ఇచ్చేశానండి," అన్నాడు బసవపున్నయ్య.

"నాకు ముట్టలేదు," అన్నాడు లాజరు. "ఇందాక దర్బారులో ఈయన రాణి మొహమే చూళ్ళేదు. ప్రేమ లేకుండా ప్రేమ అప్పగించానంటే నేనెట్టా సంతకం పెట్టేది? రేపు అడవిలో తక్కువొస్తే నా మీదకొస్తది."

"చూశానురా! రెండో పద్యంలో చూశా."

"అది హార్మోనిస్టు మాస్టార్ని చూశావు, శ్రుతి అందక!"

మంగతాయారు మధ్యకి వచ్చి, "ఎవరు చూసినా చూడకపోయినా నాకేం ఇబ్బంది లేదయ్యా, కానియ్యండి" అంది. పాత్రధారిణి అభ్యంతరం చెప్పనందున ప్రేమ పూర్తిగా అందినట్లే భావించవచ్చునని లోకనాథం గారు తీర్పు చెప్పారు. బయట జనం ఈలలు వేస్తున్నారు. ఇదే తంతు రెండో అంకం తర్వాత మళ్ళీ జరిగింది. ఆకలి, అలసట, వనవాస దుఃఖం లాజరు వరసగా అప్పగించుకుంటూ పోతుంటే పానకాలు అన్నిటికీ తలూపాడు. గొంతు దాచుకోవడానికి అతను పొద్దుట్నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు.

మూడో అంకం మొదలయ్యేసరికే నాలుగు దాటింది. లోకనాథం గారు ముందు వరసలో కూర్చుని మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నారు. పానకాలు మాత్రం తొందరపడలేదు. బాణం దెబ్బ తిన్నాడు. తూలాడు. మంగతాయారు ఒళ్ళో తల పెట్టాడు. నేను శ్రుతి ఇచ్చాను.

ఆ గొంతులో జీర అంతకుముందు లేదు. కాయ వల్ల వచ్చిన జీర. నిజంగా దాహమై నాలుక పిడచకట్టుకుపోతున్న మనిషి గొంతు అట్లాగే ఉంటుంది. పైషడ్జం దగ్గర ఆగిపోతుందేమోనని అతని పెదవులే చూస్తూ వాయించాను. ఆగలేదు. అందుకుని, అక్కడ కాసేపు నిలబడి, నెమ్మదిగా దిగొచ్చాడు. "నా ప్రజలకు చెప్పకు" అన్నచోట గొడుగులు కిందికి దిగిపోయాయి. తల వాలింది.

"వన్స్‌మోర్!"

మొదటి కేక ముందు వరసలోంచే వచ్చింది. చూస్తే లోకనాథం గారు. లేచి నిలబడి ఉన్నారు. తువ్వాలు ఎక్కడో పడిపోయింది. బుగ్గల మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి. తానేం అన్నారో ఆయనకి తెలిసినట్టు లేదు. వెనక యార్డంతా ఒక్కసారిగా అందుకుంది. వన్స్‌మోర్, వన్స్‌మోర్!

పానకాలు కదల్లేదు. మాట ఇచ్చాడు గనక చచ్చే ఉన్నాడు. కాని మూసిన కనురెప్పల కింద కళ్ళు అటూ ఇటూ కదలడం పక్కనున్న నాకు కనిపించింది. ఎల్లుండి ఆ గొంతు కోసేస్తారు. నేను బసవపున్నయ్య వైపు చూశాను. వింగులో నిలబడి ఉన్నాడు, దర్బారు వేషం ఇంకా విప్పకుండా. లాజరు వైపు చూశాను. వాళ్ళకి కాయ సంగతి తెలియదు. అయినా బసవపున్నయ్య, "ఇచ్చెయ్ మాస్టారూ, పోతే పోద్ది ఎదవ అనుమతి!" అన్నాడు.

తిత్తి నొక్కి శ్రుతి ఇచ్చాను. ధీరసేన మహారాజు కళ్ళు తెరిచారు.

ఆ రెండోసారి పాడింది ఎట్లా ఉందో నేను చెప్పలేను. చెప్పగలిగినవాణ్ణయితే హార్మోనియం ఎందుకు పట్టుకుంటాను? అతని నలభయ్యేళ్ళ పాట అంతా అందులో ఉంది. మంగతాయారు నటించడం మానేసి ఏడ్చింది. పద్యం పూర్తయ్యేసరికి ఐదు దాటి పది నిమిషాలైంది.

మండలి వెంటనే విచారణకు దిగింది. చచ్చిన నటుడు లేచి పాడాడు, సందేహం లేదు. వేలమంది విన్నారు. అయితే పాడమని మొదట అరిచింది మండలి సొంత అధికారి. పానకాలు తప్పు చేశాడంటే లోకనాథం గారు చేయించినట్టు. లోకనాథం గారు చేయించారంటే ఆయనకి శిక్షణ ఇచ్చిన పరాంకుశం గారు ఇచ్చిన అవగాహన ఏమిటన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న రాకూడదు గనక ఛైర్మన్‌గారు బాగా ఆలోచించి దారి కనిపెట్టారు. మమ్మల్ని పిలిచి మరీ వినిపించారు.

"రాజు నాలుగు గంటల యాభై ఎనిమిది నిమిషాలకు మరణించారు. ఐదింటితో అధికారి విధులు ముగిశాయి. అధికారి విధుల్లో లేనప్పుడు ప్రదర్శన లేదు. ప్రదర్శన లేనప్పుడు నటుడు లేడు. నటుడు లేనప్పుడు పాట లేదు. కనుక రెండోసారి ఎవరూ పాడలేదు. మీ సమాజానికి నా అభినందనలు."

"మేమంతా విన్నాం కదండీ," అన్నాను.

"నటుడే అంగీకరించిన ఆ బయటి వ్యక్తి ఎవరైనా పాడి ఉండవచ్చు. అతని మీద మండలికి అధికారం లేదు."

బసవపున్నయ్య సంతోషంతో నా భుజం చరిచాడు. అనుమతి పోలేదు, అందరూ బతికిపోయారు. గుమ్మం దాటబోతూ నేను వెనక్కి తిరిగి వీడియో సంగతి అడిగాను. ఒక కాపీ ఇప్పిస్తే చాలన్నాను.

"ఐదింటిదాకా భద్రంగా ఉంది. ఆ తర్వాతది తీసేయించాం. జరగని దానికి రికార్డు ఉండకూడదు కదా," అన్నారు పరాంకుశం గారు.

పానకాలు అప్పటికి గుంటూరు ఆసుపత్రిలో ఉన్నాడు, గొంతుకి కట్టుతో.

రెండు నెలల తర్వాత మండలి వార్షికోత్సవం జరిగింది. 'ఉత్తమ మరణావగాహన' పురస్కారం పానకాలుకి ప్రకటించారు. రానని సైగ చేస్తే, సమాజం మీద మళ్ళీ ఏమొస్తుందోనని బసవపున్నయ్య బతిమాలి తీసుకొచ్చాడు. కోత కనబడకుండా మంగతాయారు అతని మెడ చుట్టూ కండువా కప్పింది. శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు. సన్మానపత్రంలో, ప్రేక్షకులు ఎంత కోరినా లేవక, పెదవి విప్పక, నిశ్చల మరణాన్ని సాక్షాత్కరింపజేసిన మహానటుడని రాశారు. తర్వాత పరాంకుశం గారు అతని చేతికి మైకిచ్చి, రెండు మాటలు మాట్లాడమన్నారు.

పానకాలు మైకు పట్టుకుని నిలబడ్డాడు. నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచాడు. మైకులో ఊపిరి చప్పుడు మాత్రం వినిపించింది.

నేను లేచి, "అయ్యా, ఆయనకి గొంతు..." అని అరవబోయాను. పరాంకుశం గారు చెయ్యెత్తి సభని నిశ్శబ్దం చేశారు.

"చూస్తున్నారా! మరణించి రెండు నెలలైంది. ఇంకా పాత్రలోంచి బయటికి రాలేదు. అవగాహన అంటే ఇదీ!"

సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. చప్పట్లు ఆగేదాకా పానకాలు ఆ మైకు వైపు చూస్తూనే నిలబడ్డాడు. ముందు వరసలో లోకనాథం గారు ఒక్కరే తల దించుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఛైర్మన్‌గారు తన వైపు చూడటంతో ఆయన కూడా లేచి కొట్టారు.